మెదపాలా, చిదమాలా?

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి ఆరు. ఇద్దరికీ తెలుగు బాగానే అర్థమవుతుంది. కానీ నేను తెలుగులో అడిగితే జవాబు ఇంగ్లీషులో వస్తుంది. అక్షరాల పుస్తకాలతో చాలాసార్లు కూర్చోబెట్టాను. వారం తిరక్కుండానే ఆగిపోయేది. చివరికి వాళ్ళ నోట తెలుగు మాటలు వాటంతటవే రావడం మొదలైంది వంటింట్లో, సాల్మన్ చేప, చిలగడదుంప కలిపి కేకులు చేసుకునే ఆదివారం సాయంత్రాల్లో.

కేకులంటే తీపివి అనుకోకండి. చిన్న బిళ్ళలుగా తట్టి, పెనం మీద కొద్ది నూనెతో కాల్చుకునేవి. తాజా సాల్మన్ ముక్కలు ఖరీదు. వీటికి అవి అక్కర్లేదు, డబ్బాలో వచ్చే పింక్ సాల్మన్ చాలు. పసిఫిక్ సాల్మన్ రకాల్లో అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది అదే కాబట్టి చవక. ఎర్రగా ఉండే సాకై రకంతో పోలిస్తే రంగు పాలిపోయినట్టుంటుంది గానీ, దుంపతో కలిశాక ఆ తేడా ఎవరికీ తెలియదు.

డబ్బా తెరవగానే తోలూ, వెన్నుముల్లూ కనిపిస్తాయి. మొదటిసారి అరగంట కూర్చుని ఒక్కో ముల్లూ ఏరి పారేశాను. చేప అంటే ముందు ముల్లు గుర్తొచ్చే ఇంట్లో పెరిగినదాన్ని. మా అమ్మ ప్రతి ముద్దనీ వేళ్ళతో తడిమి చూశాకే మా నోట్లో పెట్టేది. డబ్బా చేపకి ఆ భయం అక్కర్లేదని తర్వాత తెలిసింది. చేపను డబ్బాలో మూసేశాక ఒత్తిడి మీద బాగా వేడిచేసి ఉడికిస్తారు. దాంతో ముళ్ళు మెత్తబడి, రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే పొడి అయిపోతాయి. కాల్షియం ఎక్కువగా ఉండేది వాటిలోనే. ముళ్ళూ తోలూ తీసేసిన డబ్బాలకి ధర కూడా ఎక్కువే. అయితే ఇది డబ్బా చేపకి మాత్రమే. ఇంట్లో వండిన తాజా చేప ముల్లు ఇలా మెత్తబడదు, పిల్లలకి ఆ తేడా గట్టిగా చెప్పాలి.

దుంప దగ్గర నేను ఇంకా పెద్ద పొరపాటు చేశాను. తొక్క తీసి, ముక్కలు కోసి, నీళ్ళలో ఉడకబెట్టాను. అది నీళ్ళు పీల్చేసుకుంది. ముద్ద జారుగా అయి, పెనం మీద వేసిన ప్రతి బిళ్ళా విడిపోయింది. పిల్లలు ఆకలని పక్కనే నిలబడ్డారు, నాకు టెన్షన్. ఇప్పుడైతే తొక్కతోనే ఫోర్కుతో అక్కడక్కడా గుచ్చి మైక్రోవేవ్‌లో పెడతాను. ఒక మాదిరి దుంపకి ఆరేడు నిమిషాలు పడుతుంది. ఓవెన్‌లో నిదానంగా కాల్చినా బాగుంటుంది, కాకపోతే మెల్లగా వేడెక్కేటప్పుడు దుంపలో పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఉత్తగా తినడానికి ఆ తీపి హాయి. చేపతో కలిపేటప్పుడు మాత్రం తీపి తక్కువున్నదే నాకు నచ్చుతుంది.

నీళ్ళు వంపేశాక 300 గ్రాముల చేప ఉంటే, అంతే బరువు దుంప, ఒక గుడ్డు, అరకప్పు బ్రెడ్ పొడి, కాస్త సన్నగా తరిగిన ఉల్లిపాయ, అల్లం, కొత్తిమీర, మిరియాల పొడి, నిమ్మరసం. చేపలో ముందే ఉప్పు ఉంటుంది కాబట్టి గుడ్డు కలపకముందే రుచి చూసుకుని, చాలకపోతేనే వెయ్యండి. పచ్చిమిర్చి ముద్దలో సగానికే కలుపుతాను. ఒకప్పుడు పిల్లలకి కారం అలవాటు చెయ్యాలని పట్టుబట్టేదాన్ని. మానేశాక మా అమ్మాయే మా గిన్నెలోంచి తీసుకుని రుచి చూడడం మొదలుపెట్టింది.

ఇక మాటల సంగతి. వాళ్ళకి ఇంగ్లీషులో అన్నిటికీ ‘మ్యాష్’ ఒక్కటే. నేనేమో దుంపని మెదపమంటాను, ముల్లుని చిదమమంటాను, ఎండు బ్రెడ్డుని నలపమంటాను, అన్నీ పడ్డాక పిసకమంటాను, చెయ్యి తడి చేసుకుని తట్టమంటాను. ఈ తేడాలు కాగితం మీద రాసి నేర్పడం నావల్ల కాలేదు. వేళ్ళకి మాత్రం ఒక్కసారికే అర్థమైపోయాయి. మావాడు మొదట్లో “చిదపనా అమ్మా?” అనేవాడు. నవ్వలేదు, తప్పని చెప్పలేదు. “ఆఁ, చిదుము నాన్నా” అనేదాన్ని. మూడో వారానికి వాడే సరిగ్గా అన్నాడు.

దుంప పేరు దగ్గరా ఒక పాఠం దొరికింది. నేను చిలగడదుంప అంటాను, మా ఆయన గెనుసుగడ్డ అంటారు. అవి రెండు వేరు వేరు దుంపలని మా అమ్మాయి చాలాకాలం అనుకుందట. ఒకే దానికి రెండు పేర్లని తెలిశాక, నా దగ్గర ఒకటి, వాళ్ళ నాన్న దగ్గర ఇంకొకటి వాడుతోంది. తనకి తెలుగు రాదని బెంగపడిన నాకు ఆ చిన్న విషయం ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

తట్టిన బిళ్ళల్ని అరగంట ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడతాయి. తర్వాత మధ్యస్థం మంట మీద ఒక్కో వైపు నాలుగు నిమిషాలు. అడుగు పట్టు విడిచేదాకా అట్లకాడ పెట్టకూడదు, తొందరపడితే విరుగుతాయి. దోరగా కాలాలి అన్నాను ఒకసారి. “దోర అంటే బ్రౌనా?” అని అడిగింది మా అమ్మాయి. రంగొక్కటే కాదు, పూర్తిగా పండకముందు కాయ ఉండే దశ కూడా దోరే అని చెప్పాను. అప్పటినుంచి అరటిపళ్ళు కొనేటప్పుడు దోరవి తనే ఏరుతుంది.

మిగిలినవి ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగుంటాయి. లంచ్ బాక్సులో పెట్టాలంటే చల్లగా ఉంచే ప్యాక్ తోడుండాలి. చేప, గుడ్డు పడని పిల్లలు క్లాసులో ఉంటారేమో ముందే కనుక్కోండి.

పోయిన ఆదివారం కేకులు పెనం మీద ఉండగా మా అమ్మ వీడియో కాల్ చేసింది. డబ్బా చేప అనగానే, “ముళ్ళు తీశావా? పిల్లలు జాగ్రత్త” అంది. నేను చెప్పేలోగా మావాడు ఫోను ముందుకి దూరాడు.

“తియ్యలేదు అమ్మమ్మా. నేను చిదిమేశాను.”

అమ్మ ఒక్క క్షణం ఏమీ అనలేదు. తర్వాత, “ఏదీ, ఎలా చిదిమావో చూపించు” అంది. వాడు బొటనవేలూ చూపుడువేలూ కెమెరాకి ఆనించేంత దగ్గరగా పెట్టి, గట్టిగా నొక్కాడు.