లోకాయుక్త వలపన్నిన రోజు: ఫిర్యాదుదారుగా నా అనుభవం

బెంగళూరులో ఫ్లాటు కొన్నాక ఖాతాను, అంటే ఆస్తి పన్ను రికార్డును, నా పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టుకున్నాను. సంబంధిత కార్యాలయంలోని ఉద్యోగి ఒకరు డబ్బు ఇస్తేనే ఫైలు కదులుతుందన్నారు. అవినీతి కేసులు చూసే లోకాయుక్త పోలీసులకు ఫిర్యాదు చేశాను. అది చదివిన ఇన్‌స్పెక్టర్ గారు అన్నిటికంటే ముందు అడిగింది, డబ్బు ప్రస్తావన మొదట ఎవరు తెచ్చారని.

వెంటనే వల పన్నలేదు. ముందుగా రికార్డర్ ఇచ్చి, ఆ ఉద్యోగిని మళ్లీ కలిసి రమ్మన్నారు. ఎంత ఇస్తానో నా అంతట నేను చెప్పకూడదు, ఎంతైనా ఇస్తానని బతిమాలకూడదు, ఫైలు సంగతి మాత్రమే అడగాలి. ఆయన అడిగితేనే కేసు, అడగకపోతే అంతటితో ఆపేస్తామని స్పష్టంగా చెప్పారు. నాకు ఆ కట్టుబాటు ఎంతో నచ్చింది. లంచం అడుగుతున్నవాడిని పట్టుకోవడం వేరని, ఆ ఆలోచనే లేనివాడికి ఆశ చూపి నేరం చేయించడం వేరని సుప్రీంకోర్టు 1958లోనే బసావన్ సింగ్ కేసులో చర్చించింది. నేను డబ్బు ఇవ్వడం కూడా నేరం కాదా అన్న భయానికి జవాబు అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణలో ఉంది: పోలీసులకు ముందే తెలిపి, వారికి సహకరించేందుకు ఇచ్చినవారికి లంచం ఇచ్చినందుకు పడే శిక్ష వర్తించదు.

రికార్డింగులో ఆయనే అడిగినట్టు తేలాక, నేను తెచ్చిన నోట్ల నంబర్లు ఇద్దరు పంచుల (సాక్షుల) ఎదుట రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూశారు. అడిగేదాకా నోట్లు బయటికి తీయవద్దని మళ్లీ హెచ్చరించారు. ఆయన అడిగి తీసుకున్నారు. సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచిన ఆయన వేళ్లు, వాటికి అంటిన ఆ పొడి వల్ల, నీటిని గులాబీ రంగులోకి మార్చాయి.

అందరూ ఆ రంగు గురించే అడుగుతారు. నోట్లు చేతికి తగిలాయని తప్ప ఆ రంగు ఇంకేమీ చెప్పదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన జయరాజ్ కేసులో, డబ్బు దొరికినంత మాత్రాన నేరం రుజువు కాదని, లంచం అడిగినట్టు నిరూపించాలని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. ఫిర్యాదుదారు మరణించినా, కోర్టులో మాట మార్చి ఎదురు తిరిగినా పరిస్థితుల సాక్ష్యంతో నిరూపించవచ్చని 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

ప్రత్యేక న్యాయస్థానంలో ఎదుటి పక్షం న్యాయవాది, నేనే నోట్లను బలవంతంగా చేతిలో పెట్టానని ఒప్పించేందుకు చాలాసేపు ప్రశ్నించారు. నిందితుడికి ఆ అవకాశం ఉండి తీరాలి. మొదటి రికార్డింగు వినిపించినప్పుడు, డబ్బు మాట ఎత్తిన గొంతు నాది కాదని అందరికీ వినిపించింది. ఖాతా నా పేరు మీదికి మారింది. తీర్పు ఇంకా రావలసి ఉంది.