ఆదివారం మొహాలు

మా ఇంట్లో బొమ్మలకి మొహాలు ఆదివారమే వస్తాయి. మిగతా ఆరు రోజులూ తలకాయలు కళ్ళూ ముక్కూ లేకుండా, నున్నగా, బియ్యం డబ్బా మీద వరసగా కూర్చుంటాయి. పొద్దున్నే కాఫీకి లేచిన మా అత్తయ్య వాటిని చూసి "ఏటే ఈ మొండి తలకాయలు, నట్టింట్లో!" అంటుంది. రోజూ అంటుంది, నేనూ రోజూ నవ్వుతాను.

నేను విశాఖలో మర్రిపాలెం వైపు ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ ఆయాని. కాగితాల మీద 'సపోర్ట్ స్టాఫ్' అని రాస్తారు. పిల్లలకి మాత్రం ఆయమ్మనే. మా సెక్షన్లో 32 మంది. రోజుకి 32 టిఫిన్ డబ్బాల మూతలు తియ్యాలి, మళ్ళీ పెట్టాలి. ఆ స్టీలు డబ్బాల క్లిప్పులు ఎవరు కనిపెట్టారో గానీ నాలుగేళ్ల పిల్లల వేళ్ళు చూసి మాత్రం కనిపెట్టలేదు. బాత్రూమ్‌కి తీసుకెళ్ళడం, ముక్కులు తుడవడం, ఐడీ కార్డు తాడు నమిలేవాడి నోట్లోంచి అది లాగడం, సాయంత్రం ఎవరి వ్యాను వాళ్ళని ఎక్కించడం. ఇంటికొచ్చేసరికి అయిదవుతుంది. అప్పుడు సూది పట్టుకుంటే దారం ఎక్కదు. కళ్ళు బాగానే ఉన్నాయి, వేళ్ళే మాట వినవు.

బొమ్మల పిచ్చి స్కూలు ఉద్యోగం కన్నా ముందు నుంచే ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా, తర్వాత మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. టీవీ లేదు, ఫోన్లో చార్జింగ్ లేదు, బయట పడిన చెట్లు. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. దాని ఏడుపు భరించలేక పాత జాకెట్టు చేతుల్లో కుట్టు ముక్కలు కూరి, నడుం దగ్గర దారం కట్టి, బొగ్గుతో కళ్ళు పెట్టి ఇచ్చాను. చూడ్డానికి చింతపండు మూటలా ఉండేది. అది దాన్ని రెండేళ్ళు పక్కలో పెట్టుకు పడుకుంది. ఆ తర్వాత నేను ఆగలేదు.

బొమ్మలు చేస్తానంటే ఎవరైనా ముందు అడిగేది "ఏటికొప్పాకవా?" అనే. విశాఖ వాళ్ళకి బొమ్మంటే ఆ ఊరి లక్క రంగుల చెక్క బొమ్మే మరి. 2017లో జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ఊరి సరుకుకే అన్న గుర్తింపు వచ్చింది, 2025 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్రం శకటం కూడా ఆ బొమ్మలదే. ఒకసారి అక్కడికి వెళ్ళి చూశాను. తిరుగుతున్న అంకుడు కర్రకి లక్క కడ్డీ ఆనిస్తారు, రాపిడి వేడికి అది కరిగి రంగు పట్టేస్తుంది. గంటసేపు నోరు తెరుచుకుని నిలబడిపోయాను. వాళ్ళది పొద్దుట మొదలెట్టే వృత్తి. నాది కుక్కర్ మూడు విజిళ్ళు వేశాక దొరికే ముప్పావు గంట. నావి గుడ్డ బొమ్మలు, అంతే.

ఆ ముప్పావు గంటలోనే బొమ్మని ముక్కలు ముక్కలుగా చేసుకోవడం నేర్చుకున్నాను. ఒకరోజు పేపరు మీద గీసిన ఆకారం గుడ్డ తిరగేసి దించుకోవడం. ఇంకోరోజు మిషను మీద కుట్టడం. ఇందులో ఒక కిటుకుంది, ముందు గీత మీద కుట్టి తర్వాత కత్తిరించాలి. ముందే కత్తిరిస్తే అంత చిన్న చేతులు మిషను కింద జారిపోతాయి. స్కూల్లో మరీ అలిసిపోయిన రోజు దూది కూరడం పెట్టుకుంటాను, దానికి బుర్ర అక్కర్లేదు. మెడ దగ్గర మాత్రం గట్టిగా కూరాలి, లేకపోతే వారం తిరిగేసరికి తల వాలిపోతుంది. మొదట్లో బూరుగు దూది వాడేదాన్ని. వానాకాలం రాగానే ఉండలు కట్టి ముక్క వాసన పట్టింది. ఇప్పుడు పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళినప్పుడు పాలిస్టర్ దూది కిలోల్లెక్క తెచ్చుకుంటున్నాను, ఉతికినా తొందరగా ఆరుతుంది. ఈ ఊరి ఉప్పు గాలికి సూదులు కూడా తుప్పు పడతాయి, చెమటకి దారం వేళ్ళకి అంటుకుంటుంది. పక్కన పౌడరు డబ్బా లేకుండా నేను కూర్చోను.

మొహం మాత్రం వేరే సంగతి. ఒక గురువారం స్కూల్లో ఒకడు నా చెయ్యి కొరికాడు, వాళ్ళమ్మ వచ్చి నన్నే నిలదీసింది. ఆ రాత్రి మొండిగా కూర్చుని ఒక బొమ్మకి మొహం కుట్టాను. కనుబొమ్మలు 'కాడ కుట్టు'తో, అదే స్టెమ్ స్టిచ్‌తో వేస్తాను, లోపలి కొస పెసరగింజంత కిందికి దిగింది. మా అమ్మాయి చూసి "అమ్మా, ఇది ఎవర్నో తిడుతోంది" అంది. విప్పేశాను. విప్పిన చోట గుడ్డకి చిల్లులు మిగిలాయి, జుట్టు ముందుకి లాగి కప్పాల్సొచ్చింది. అప్పట్నుంచి మొహాలు ఆదివారమే. భోజనాలయ్యాక, కళ్ళ చోట రెండు గుండుసూదులు గుచ్చి, బొమ్మని తలుపు దగ్గర పెట్టి దూరం నుంచి చూస్తాను. కళ్ళు మొహానికి సగం కన్నా కాస్త కిందికి ఉంటేనే చిన్నపిల్లలా ఉంటుంది. కొత్తలో అందరం నుదుటి మీదే పెట్టేస్తాం. చిన్నపిల్లలకిచ్చే బొమ్మకి గుండీ కళ్ళు పెట్టను, ఊడితే నోట్లో వేసుకుంటారు. అది ఎల్‌కేజీ నేర్పిన పాఠం.

పోయినేడాది స్కూలూ బొమ్మలూ కలిసిపోయి నా ప్రాణం మీదకొచ్చింది. యాన్యువల్ డేకి పదిహేను రోజులుందనగా ఒక మేడమ్ పిలిచి, గెస్టులకివ్వడానికి పాతిక బొమ్మలు కావాలన్నారు. గుడ్డ ఇస్తారట. "నీకెలాగూ సరదాయే కదమ్మా" అన్నారు. ఆ 'ఎలాగూ' నాకు గుచ్చుకుంది. కాదనలేక తలూపాను. రాత్రి ఒంటిగంట దాకా కుట్టి, పగలు క్లాసులో గోడకానుకుని కునికాను. ఆరు బొమ్మలు అయ్యాక జ్వరం వచ్చింది. ఆ ఆరింటినే పట్టుకెళ్ళి "మేడమ్, ఇంతే" అని బల్ల మీద పెట్టాను. ఏమీ అనలేదు. రెండు వారాలు ముభావంగా ఉన్నారు, అంతే. ఆ ఆరు బొమ్మల మొహాలు నాకు ఒక్కటీ గుర్తులేదు.

అమ్మొచ్చు కదా అప్పా అని పక్కింటి అమ్మాయి పోరుతూ ఉంటుంది. 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలు అమ్మాలంటే ఐఎస్ఐ మార్కు ఉండాలి. హస్తకళల శాఖలో నమోదైన కళాకారులకి మినహాయింపుంది, నమోదు చేయించుకోవచ్చు. చేయించుకోలేదు. ఆర్డరంటే గడువుంటుంది, గడువుంటే గురువారం కూడా మొహం కుట్టాలి.

స్కూలుకి మాత్రం ఒక్క బొమ్మ వెళ్తుంది, నా ఏప్రాన్ జేబులో. జూన్లో స్కూళ్ళు తెరవగానే ఎల్‌కేజీ గదిలో ఉండే ఏడుపు వింటేగానీ తెలీదు. ఒకళ్ళు ఆపితే ఇంకొకళ్ళు అందుకుంటారు. ఆ బొమ్మ చొక్కాకి ఒక పెద్ద గుండీ, ఒక టిచ్ బటను, వెనక ఒక జిప్పు పెట్టాను, అన్నీ రెండు వరసల దారంతో. చేతికిచ్చి "వీడికి చొక్కా ఊడిపోయింది, కొంచెం పెట్టమ్మా" అంటే చాలు. ఏడుస్తూనే మొదలెడతారు, గుండీ కాజాలో దూరేసరికి ఏడుపు మర్చిపోతారు. ఈ ఏడు ఒక పిల్ల గుండీ పెట్టేసి నా వైపు చూసి "ఆయమ్మా, వీళ్ళమ్మ ఎప్పుడొస్తుంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. "మూడున్నరకి" అన్నాను, మా బెల్లు కొట్టేది అప్పుడే.

ఇవాళ ఆదివారం. మూడు తలకాయలకి రెండే అయ్యాయి, ఇంతలో కరెంటు పోయింది. రేపు యూనిట్ టెస్టులు, ఏడున్నరకే రమ్మన్నారు. మూడోది వచ్చే ఆదివారం దాకా అలాగే బియ్యం డబ్బా మీద ఉంటుంది. ఇందాకే చూశాను, అత్తయ్య దాని మీద చేతిరుమాలు కప్పింది.