50 దగ్గర బొప్పి

పొద్దున ఏడింటికే ల్యాబ్‌కి పరిగెత్తాను. అతి చిన్న అయస్కాంత గుణాన్నైనా కొలిచే స్క్విడ్ మాగ్నెటోమీటర్‌లో రాత్రంతా నా శాంపిల్ 300 కెల్విన్ (దాదాపు గది వేడి) నుంచి 2 దాకా చల్లబడుతూ ఉంది. స్క్రీన్ చూడగానే గుండె ఝల్లుమంది. 50 కెల్విన్ దగ్గర, అయస్కాంత గుణాన్ని చూపే గీత మీద చిన్న బొప్పి.

నా పొడి పేరు హెర్బర్ట్‌స్మితైట్. గనుల్లో దొరికే ఖనిజమే, స్వచ్ఛంగా ల్యాబ్‌లో చేయడం మాత్రం 2005లో ఎంఐటీ వాళ్ళతో మొదలైంది. మంచి పచ్చ రంగు. అందులో రాగి అయాన్లు త్రిభుజాల మూలల్లో కూర్చుంటాయి. ప్రతి అయాన్‌లో స్పిన్ అనే బుల్లి అయస్కాంతం ఉంటుంది. దానికి ఒకటే పంతం, పక్కదానికి ఎదురు తిరగాలని. ఇద్దరైతే గొడవ లేదు, ఒకటి పైకి, ఒకటి కిందకి. మూడోది ఎటు తిరిగినా ఒకరితో పేచీయే. ఆ త్రిభుజాలు మూలమూలకీ తగులుకుని పరుచుకున్న అల్లికని కగోమే అంటారు. జపాన్‌లో వెదురు బుట్ట అల్లిక పేరది. నాకైతే నాయనమ్మ ఇంటి కోళ్ళ గంపే గుర్తొస్తుంది. కోడిపిల్లలు తల బయటపెట్టే ఆరు మూలల కంత, దాని చుట్టూ వేలు కూడా దూరని బుల్లి త్రిభుజాలు. అచ్చం అదే.

స్పిన్‌ల మధ్య పట్టు 300 కెల్విన్‌ల స్థాయిలో ఉంటుంది. మామూలు పదార్థమైతే దాదాపు ఆ వేడి దగ్గరే ఒక వరసలో సర్దుకోవాలి. ఇది మాత్రం 50 మిల్లీకెల్విన్ (ఒక కెల్విన్‌లో ఇరవయ్యో వంతు) దాకా చల్లార్చినా సర్దుకోలేదు. దీన్ని స్పిన్ లిక్విడ్, అంటే ఎంత చల్లార్చినా స్పిన్‌లు వరసలో సర్దుకోని పదార్థం, అనొచ్చా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అలాంటిదానికి 50 కెల్విన్‌లోనే బొప్పా? ఐదు నిమిషాల పాటు నేనేదో కనిపెట్టేశానని అనుకున్నాను. సిగ్గు లేకుండా ఇక్కడ రాసుకుంటున్నా.

సీనియర్ అక్క టీ కప్పుతో వచ్చి ఒక్కసారి చూసింది.
"పొడి నింపిన క్యాప్సూల్‌కి సూదితో చిల్లు పెట్టావా?"
పెట్టలేదు. లోపల గాలి చిక్కుకుపోయింది. గాలిలోని ఆక్సిజన్ ఆ చలికి గడ్డకడుతుంది, దానికీ అయస్కాంత గుణం ఉంది. నా బొప్పి దానిదే! హీలియం ఖర్చు తలుచుకుంటే ఏడుపొచ్చింది.

శాంపిల్ బయటికి తీసి, చిల్లు పెట్టి, గాలి మూడుసార్లు లాగించి, హీలియం నింపి మళ్ళీ మొదలుపెట్టాను. ఈ పనికే మధ్యాహ్నం దాటింది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది.
"ఇవాళ ఏమన్నా తేలిందా?"
"ఏమీ రాకూడదమ్మా, అప్పుడే బాగా వచ్చినట్టు."
"దానికి పొద్దున టిఫిన్ కూడా తినకుండా వెళ్ళావా?"

కింద చలిలో గీత కొంచెం పైకి లేస్తుందని తెలుసు. ఈ ఖనిజంలో జింకు ఉండాల్సిన చోట దూరిన రాగి అయాన్ల పని అది. వాటితో పేచీ లేదు, మెల్లగా, నున్నగా లేస్తుంది. నా కళ్ళన్నీ 50 మీదే. రాత్రి తొమ్మిదిన్నరకి 61. తర్వాత 52. 44. ఇప్పుడు 38.

బొప్పి లేదు. క్యాంటీన్ మూసేశారు, బ్యాగులో ఒక బిస్కట్ ప్యాకెట్ ఉంది.