టోల్ గేటు దగ్గర ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుంది

ఏటా ఏప్రిల్ వచ్చిందంటే టోల్ గేట్ల దగ్గర అదే గొడవ. నిన్నటి రోడ్డే, నిన్నటి గుంతలే, రుసుము మాత్రం ఐదో పదో ఎక్కువ. గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడి మీద అరిస్తే పైసా తగ్గదు. ఆ అంకె 2008 డిసెంబరులో వచ్చిన జాతీయ రహదారుల రుసుము నిబంధనల్లోంచి పుడుతుంది. జనం కోపం న్యాయమైనదే, కానీ అది తగలాల్సిన చోట తగలాలంటే ముందు లెక్క తెలియాలి.

నాలుగు వరుసలు, అంతకు మించిన రోడ్డు మీద 2007-08లో కారు మూల రేటు కిలోమీటరుకు 65 పైసలు. రెండు ఇరుసుల లారీకీ బస్సుకీ 2 రూపాయల 20 పైసలు. ఈ మూల రేటు ఏటా 3 శాతం పెరుగుతుంది, చక్రవడ్డీలా కాకుండా బారువడ్డీలా. 2025 ఏప్రిల్ నాటికి 18 సార్లు, అంటే 54 శాతం. 65 పైసలు రూపాయి అయ్యాయి. అక్కడితో ఆగదు. 2007 జనవరి నుంచి టోకు ధరల సూచీ ఎంత శాతం పెరిగిందో చూసి, అందులో 40 శాతాన్ని ఈ పెరిగిన రూపాయి మీద వేస్తారు. అలా ఒకదాని మీద ఒకటి ఎక్కి 2025-26లో కారు రేటు కిలోమీటరుకు దాదాపు రూపాయి 47 పైసలకు చేరింది. 60 కిలోమీటర్లకు 88 పైచిలుకు. దాన్ని దగ్గరి ఐదు రూపాయలకు సవరిస్తారు కాబట్టి 90. ఈ సవరింపు వల్లే కొన్ని గేట్ల దగ్గర ఒక ఏడాది అసలు పెరగకుండా, మరో ఏడాది ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తుంది.

మీ గేటు లెక్క దీనికి చాలా పైన ఉంటే, ముందు వంతెనల వైపు చూడండి. పెద్ద వంతెన, సొరంగం, ఫ్లైఓవర్ ఉన్న పొడవును పదింతలుగా లెక్కించే పద్ధతి ఉంది. 2025 జులై సవరణతో దీనికి హద్దు పెట్టారు: నిర్మాణాల పొడవుకు పదింతలు వేసి మిగతా రోడ్డు కలిపితే వచ్చేది, మొత్తం పొడవుకు ఐదింతలు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. రెండో కారణం పాత ఒప్పందాలు. 2008కి ముందు కుదిరిన కాంట్రాక్టులకు వాటి షరతులే వర్తిస్తాయి. ఏ గేటు కింద ఎన్ని కిలోమీటర్లకు వసూలు చేస్తున్నారో జాతీయ రహదారుల సంస్థ (ఎన్‌హెచ్ఏఐ) టోల్ సమాచార వెబ్‌సైటులో ఉంటుంది. వాదనకు దిగే ముందు అది చూసుకోవడం మంచిది.

అసలు అన్యాయం ఈ సూత్రంలోనే ఉందని నా అభిప్రాయం. వాహనాలు రెట్టింపైనా రేటు తగ్గే దారి అందులో లేదు. పెట్టుబడి తిరిగొచ్చాక రుసుము 40 శాతానికి తగ్గాలని ఒకప్పుడు నిబంధన ఉండేది, 2023 సవరణతో అదీ పోయింది. గేటుకూ గేటుకూ మధ్య 60 కిలోమీటర్ల దూరం ఉండాలంటారు గానీ, కారణాలు రాసిపెట్టి దగ్గరగా కూడా పెట్టొచ్చని అదే నిబంధన చెబుతోంది. కోర్టులు మాత్రం రోడ్డు బాగుంటేనే రుసుము అన్న మాటను పట్టించుకుంటున్నాయి. కేరళలోని పాలియెక్కర గేటు దగ్గర వసూలును హైకోర్టు 2025 ఆగస్టులో ఆపేస్తే, సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు.

ఇక చేతిలో ఉన్న దారులు. 24 గంటల్లో తిరిగి వస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లే కట్టాలి. ఫాస్టాగ్‌లో రెండోసారి సగమే కోయాలి, మెసేజ్‌లో సమయంతో సరిచూసుకోండి. నెల పాస్ అంటే 50 ట్రిప్పుల రుసుములో మూడింట రెండు వంతులు. 90 రూపాయల గేటుకు అది 3,000. సొంత కార్లకు 2025 ఆగస్టు 15న వచ్చిన వార్షిక పాస్ ధర కూడా అప్పట్లో 3,000 రూపాయలే, 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ట్రిప్పు 15 రూపాయలు పడింది. కాబట్టి సొంత కారుకు నెల పాస్ కొనడం దండగ, అది ట్యాక్సీలకూ సరుకు బండ్లకూ పనికొస్తుంది. వార్షిక పాస్ జాతీయ రహదారుల మీదే చెల్లుతుంది, హైదరాబాద్ ఔటర్ మీద చెల్లదు. హైదరాబాద్-విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు గేట్లు దాటితే మూడు ట్రిప్పులు, రానూపోనూ ఆరు.

గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఇల్లు ఉన్నవారికి వేరే పాస్ ఉంది. 2025-26లో అది నెలకు 350 రూపాయలు. సొంత బండికే, అదీ సర్వీసు రోడ్డో ప్రత్యామ్నాయ రోడ్డో లేని చోటే ఇస్తారు. రోజూ గేటు దాటేవారికి వార్షిక పాస్ కన్నా ఇదే చవక. కానీ ఇది క్యాలెండర్ నెలకు లెక్క, 20వ తేదీన కొంటే పది రోజులకే అయిపోతుంది. నెల మొదట్లోనే తీసుకోండి. "20 కిలోమీటర్లు ఉచితం" అని గేటు దగ్గర వాదించేవారు ఉన్నారు. అది 2024 సెప్టెంబరు సవరణలో ఉపగ్రహంతో టోల్ లెక్కగట్టే పరికరం ఉన్న బండ్లకు చెప్పిన మాట, ఫాస్టాగ్‌కు సంబంధం లేదు.

ఫాస్టాగ్ చెల్లకపోతే 2025లో నగదుకు రెట్టింపు పడేది. 2025 నవంబరు 15 నుంచి యూపీఐతో కడితే ఒకటింబావు రెట్లే. డబ్బు తప్పుగా కోస్తే గేటు దగ్గర నిలబడి గొంతు చించుకోకుండా జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేసి, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకులో ఫిర్యాదు నమోదు చేయండి. గేటు పేరు, తేదీ, సమయం, మెసేజ్ స్క్రీన్‌షాట్ జతచేయండి. బండి ఇంట్లోనే ఉండగా కోత పడితే, ఆ సమయంలో అది అక్కడ లేదని చూపే ఆధారం కూడా పెట్టండి.