పాత కార్డుకి ముందు అంచు చూడండి

అమెరికా కంపెనీ టాప్స్ వేసిన పాత బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డు చేతికి రాగానే అందరి కళ్లూ బొమ్మ మీదికే పోతాయి. బొమ్మ ఎక్కడికీ పోదు, ముందు అంచు చూడండి. అరిగిన అంచుని కోసేసి, కొత్తదానిలా చూపించి అమ్మేవాళ్లుంటారు.

1952 నుంచి 56 దాకా టాప్స్ కార్డు 2⅝ × 3¾ అంగుళాలు. 1957 నుంచి 63.5 × 88.9 మిల్లీమీటర్లు. స్కేలు చాలదు, డిజిటల్ కాలిపర్ కావాలి. అర మిల్లీమీటరు తగ్గగానే కోశారని తేల్చేయకండి, ఫ్యాక్టరీలోనే వంకరగా తెగినవి బోలెడు. కొలత సరిపోయినా నమ్మకం లేదు, పెద్దగా తెగినదాన్ని కోసి సరిచేసి ఉండొచ్చు.

అందుకే అదే సెట్‌లో చవకది, అరిగినది ఒకటి పక్కన పెట్టుకోవాలి. రెండిటి అంచులూ నగల కొట్లో రాళ్లు చూసే 10 రెట్ల లెన్స్ కింద పెట్టండి. అసలు అంచు ఏళ్ల తరబడి గాలి తగిలి గోధుమరంగుకి తిరిగి, కాస్త నూగుగా ఉంటుంది. బ్లేడు పడిన అంచు తెల్లగా, నున్నగా ఉంటుంది. ఒకే పక్కనున్న రెండు మూలలు సూదిలా ఉండి, అవతలి రెండూ గుండ్రంగా అరిగి ఉంటే ఆ పక్క కోసినట్టే అనుకోండి. టీ206 అనే పాత సిగరెట్ పెట్టెల సెట్‌లోని పేరుమోసిన హోనస్ వాగ్నర్ కార్డుకే ఈ గతి పట్టింది. కార్డులు పరీక్షించి, గ్రేడు ఇచ్చి, డబ్బాలో సీలు చేసే పీఎస్ఏ సంస్థ దానికి పదికి 8 ఇచ్చింది. ఆ కార్డు పక్కలు తానే కోశానని వేలంపాటల వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు. ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఉందని నిశ్చింతగా ఉండటానికి లేదన్నమాట.

1971 టాప్స్ సెట్‌కి నల్ల అంచులు. రాలినచోట మార్కర్ పూస్తారు. ఆ సిరా అట్ట పొరల్లోకి దిగుతుంది కాబట్టి కార్డుని నిలబెట్టి పక్క నుంచి చూస్తే దొరికిపోతుంది. బొమ్మలో రంగు దిద్దితే ప్రింటు చుక్కలు అక్కడ మాయమై, మొత్తం ఒకటే పూతలా కనిపిస్తుంది.

కాగితం పాతదో కొత్తదో తేల్చడానికి యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ 365 నానోమీటర్లది కొనండి. 395ది ఊదా వెలుగుతో అన్నిటినీ ముంచేస్తుంది. కవర్లోంచి తీసి, చీకట్లో చూడాలి. మన తిరుపతిలో తెల్లపంచెలు ఎక్కువ కదా, సబ్బుపొడితో ఉతికిన బట్ట నీలంగా వెలిగి కార్డు మీద పడుతుంది. ముదురు రంగు బట్ట కట్టుకోండి. 1910 నాటి కార్డు నీలిరంగులో మెరిసిందంటే కాగితం కొత్తదై ఉండాలి, లేదా ఆ సబ్బుపొడి నీళ్లే తగిలుండాలి.

మడతల దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. తడి చూపించి, వేడితో నొక్కితే మడత కంటికి ఆనదు. మామూలు టార్చ్ కార్డుకి దాదాపు సమాంతరంగా పట్టుకుని కార్డుని మెల్లగా తిప్పండి. మెరుపు చెదిరినచోట వెంట్రుకంత గీత నిలుస్తుంది. ఎండాకాలంలో కొన్నప్పుడు ఇది కూడా కనపడకపోవచ్చు. కార్తీకం వానల్లో అట్ట తేమ పీల్చి ఉబ్బాక, నొక్కిన మడత తిరిగి లేస్తుంది. అప్పటికి అమ్మినవాడు ఫోనెత్తడు.