సీసం పోయని ఇనుము

హన్మకొండ వేయిస్తంభాల గుడిలో కల్యాణ మండపం విప్పేశాక చాలా ఏళ్లు ఆవరణంతా రాళ్లే, ఒక్కోదాని మీద పెయింటుతో ఓ నంబరు. "ఇవన్నీ మళ్లా ఎక్కడివక్కడ పెడ్తరా బిడ్డా?" అని బాపు పోయినప్పుడల్లా అడిగేవాడు. ఇంత ఆలస్యమా అని నేనూ తిట్టుకున్నాను. ఏథెన్స్‌లోని పార్థెనాన్ గురించి చదివాక ఆ నంబర్ల విలువ తెలిసింది.

క్రీ.పూ. 447లో మొదలైన గుడి అది, ఇక్టినోస్, కాలిక్రటీస్ కట్టారు. పెంటెలీ కొండ పాలరాయి, ఎక్కడా సున్నం లేదు. పదిన్నర మీటర్ల స్తంభం కూడా ఒకే రాయి కాదు, పదో పదకొండో గుండ్రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, నట్టనడుమ చెక్క బిళ్లలూ చెక్క మేకూ పెట్టారు. నేల చదునుగా కనిపిస్తుంది గానీ పొడుగు వైపు మధ్యలో దాదాపు 11 సెంటీమీటర్లు ఉబ్బి ఉంటుంది, స్తంభాలేమో కొంచెం లోపలికి వాలి ఉంటాయి, అందుకే ఒక చోటి రాయి ఇంకో చోట సరిగ్గా కూర్చోదు.

1687లో వెనీస్ సైన్యం కొట్టిన గుండుకు లోపల దాచిన మందుగుండు పేలి గుడి నడిమికి కూలింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బాలనోస్ అనే ఇంజనీరు చాలా భాగం నిలబెట్టాడు, అది చిన్న పనేం కాదు. కానీ పాతవాళ్లు రాళ్లను కలిపే ఇనుప బద్దల చుట్టూ సీసం కరిగించి పోసేవాళ్లు, తడి తగలకుండా. ఆయన సీసం పోయించలేదు. ఇనుము తుప్పు పట్టి ఉబ్బింది, రెండు వేల ఏళ్లకు పైగా నిలిచిన పాలరాయిని లోపలి నుంచే చీల్చింది. చదివినప్పుడు నాకు నిజంగా కడుపులో దేవినట్టయింది. పైగా చాలా రాళ్లు వాటి చోట్లలో లేవు.

1975లో ఒక కమిటీ వేశారు, ఆ తర్వాత కొన్నేళ్లకు అదంతా మళ్లీ విప్పడం మొదలుపెట్టారు. కొలతలు తీసి ఏ రాయి ఎక్కడిదో పట్టుకున్నారు, ఇనుము తీసి తుప్పు పట్టని టైటానియం పెట్టారు. నాకు బాగా నచ్చింది ఇంకొకటి: రాయి విరిగి ముక్క పోతే ఆ విరిగిన అంచును చదును చేయరు, దాని ఎత్తుపల్లాలకు అచ్చు తీసి, కొత్త పెంటెలీ రాయినే దానికి సరిపోయేలా చెక్కుతారు. పాత రాయి మీద ఉలి పడదు.

మన మండపం 2024 మార్చిలో తెరిచారు. బాపును తీసుకుపోయాను. ఒక స్తంభం దగ్గర ఆగి, రాయీ రాయీ కలిసే చోట బొటనవేలితో మెల్లగా రాసి చూశాడు, ఈసారి ఏమీ అడగలేదు.