ఫ్రిజ్ మీద ఫోన్

రాత్రి పదకొండున్నర. ముసురు ఇంకా ఆగలేదు. మా సారు పడుకున్నారు, నాకు నిద్ర పట్టడం లేదు.

సాయంత్రం ఐదున్నరకు ఎప్పటిలాగే భద్రకాళి చెరువు బండ్ మీదికి వాకింగ్‌కు పోయారు. ఏడింటికల్లా ఇంట్లో ఉంటారు. ఏడుంబావు అయింది, చేసిన సర్వపిండి చల్లారిపోయింది. ఫోన్ కొడితే ఫ్రిజ్ మీద మోగింది. బోర్లా పెట్టి ఉంది. చార్జర్ తీసేసి, వైరు చుట్టి పక్కనే పెట్టి ఉంది. కళ్లద్దాలు తీసుకెళ్లారు, గొడుగు తీసుకెళ్లారు, చేతిరుమాలు తీసుకెళ్లారు. ఫోన్ మాత్రం ఇంట్లోనే. పోయిన ఏడు మార్చిలో ఆయనకు ఒంట్లో బాగాలేక ఎంత భయపడ్డామో మళ్ళీ రాయను. అప్పటి నుంచి ఆ ఫోన్ ఆయన జేబులో ఉంటేనే నాకు నిమ్మళం.

ఆయనతో నడిచే ఇద్దరికి ఫోన్ చేశాను. ఒకాయన ఊళ్లో లేరు. ఇంకొకాయన "ఆరున్నరకే విడిపోయినం వదినా, ఇంటికే పోతున్న అన్నడు" అన్నారు. ఇక కూర్చోలేకపోయాను. గేటు దాకా పోవడం, లోపలికి రావడం, మళ్ళీ పోవడం. కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిశాయి. చిన్నదానికి చెప్దామా అని నంబరు తీశాను, అది అక్కడ టెన్షన్ పడుతుందని ఆపేశాను. ఆటో పిలుచుకొని బండ్ దాకా పోదామంటే, ఈలోపు ఆయన ఇంటికొస్తే తాళం ఎట్లా అని ఆలోచన.

ఎనిమిది నలభైకి వచ్చారు. నింపాదిగా, గొడుగు దులుపుకుంటూ.

"ఎక్కడికి పోయిండ్రు?"

"గక్కడనే, నీళ్లు చూసుకుంట కూసున్న."

"ఫోన్?"

"మర్చిపోయిన."

అంతే. చేతులు కడుక్కొని సర్వపిండి తిన్నారు. ఉప్పు సరిపోయిందన్నారు కూడా.

మర్చిపోయిన అన్న ఆ ఒక్క మాటే నన్ను ఇప్పటిదాకా కూర్చోబెట్టింది. ఎందుకంటే మధ్యాహ్నం మా తమ్ముడు వచ్చినప్పుడు భోజనాల దగ్గర ఈయన ఒక కథ ఎత్తుకున్నారు. మారిస్ బెయిలీ, మారలిన్ అని ఇంగ్లండు భార్యాభర్తలు. ఇల్లు అమ్ముకొని 31 అడుగుల తెరచాప పడవ కొనుక్కున్నారు. దాని పేరు ఆరలిన్, ఆయన పేరులోది కొంత, ఆమె పేరులోది కొంత కలిపి పెట్టుకున్నది. 1972లో న్యూజిలాండ్ పోదామని బయల్దేరారు. అట్లాంటిక్ దాటారు, పనామా కాలువ దాటారు. పసిఫిక్‌లో గలాపగస్ దీవుల దిక్కు పోతుంటే 1973 మార్చి 4న తెల్లవారి తిమింగలం గుద్ది పడవకు బొక్క పడింది. గంటలోపే మునిగిపోయింది. గాలి నింపే తెప్ప ఒకటి, చిన్న రబ్బరు పడవ ఒకటి, రెండింటినీ తాడుతో కట్టుకొని ఆ ఇద్దరూ 117 రోజులు సముద్రం మీదే ఉన్నారు. వాన నీళ్లు పట్టుకొని తాగారు. పిన్నీసులు వంచి గాలాలు చేసుకున్నారు. చేపలు, తాబేళ్లు పచ్చివే తిన్నారు. చివరికి కొరియా వాళ్ల చేపల ఓడ చూసి ఎక్కించుకుంది.

పిన్నీసు మాట వచ్చినప్పుడు నా చెయ్యి పుస్తెలతాడు మీదికి పోయింది. రెండున్నాయి, ఒకటి తుప్పు పట్టింది.

ఈయనకు ఆ కథలో అన్నిటికంటే నచ్చింది రేడియో లేకపోవడం. పడవలో నుంచి కబురు పంపే రేడియో పెట్టుకోవద్దన్నది మారిస్ అట. బయటివాళ్ల జోక్యం లేకుండా స్వేచ్ఛగా ఉండాలని. "గట్లుండాలె మనిషి" అని మా తమ్ముడికి రెండుసార్లు చెప్పారు. నాకు అక్కడే కాలింది. రేడియో ఉంటే పడవ మునుగుతుంటేనే కబురు పోయేది కదా అన్నాను. ఏడు ఓడలు వాళ్లను చూడకుండానే పోయాయట, ఆ ఏడుసార్లూ ఆ ఆడమనిషి ఎంత చెయ్యి ఊపి ఉంటుంది అన్నాను. ఆమెకు ఈతే రాదు. ఆయన ఆశ వదిలేసినా ఆమె వదల్లేదు. కాగితాలు చింపి పేకముక్కలు చేసుకొని ఆడారు, తర్వాత కట్టబోయే పడవలో ఏది ఎక్కడుండాలో ఆ తెప్ప మీదే అనుకున్నారు. రేడియో వద్దన్నది ఆయన, బతికించింది ఆమె. మా తమ్ముడు "అక్కా, పెరుగెయ్యి" అని మాట మార్చాడు.

మధ్యాహ్నం ఆ కథ, సాయంత్రం ఫ్రిజ్ మీద ఫోన్. మర్చిపోయిన అంటే నేను నమ్మాలా?

ఇదంతా కోపంగా రాద్దామనే మొదలుపెట్టాను. కానీ పడవ అనుకున్నప్పటి నుంచి కాళేశ్వరం గుర్తొస్తోంది.

1997 జనవరి. పెళ్లయి మూడు నెలలు. గుడికి పోయొస్తామని ఇంట్లో చెప్పి స్కూటర్ మీద బయల్దేరాం. పరకాల, భూపాలపల్లి, మహదేవ్‌పూర్. అప్పుడు ఆ అడవి దారి ఎట్లా ఉండేదో ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, రెండు చోట్ల పోలీసులు ఆపి పేర్లు రాసుకున్నారు. ఒకే పానవట్టం మీద రెండు లింగాలకూ దండం పెట్టుకొని గోదావరి ఒడ్డుకు వస్తే, అవతల సిరొంచ పోయే పడవ కదులుతోంది. ఇప్పుడంటే వంతెన ఉంది. అప్పుడు మనుషులు, సైకిళ్లు, మేకలు అన్నీ పడవ మీదే. సిరొంచలో ఈయన స్నేహితుడి ఇల్లుంది. పోదామా అన్నది నేను. ఈయన అవతలి ఒడ్డు వైపు చూసి, "ఇంట్ల చెప్పలే గదా" అన్నారు. "చెప్తే పోనిస్తరా?" అన్నదీ నేనే.

తిరుగు ప్రయాణంలో పొద్దుగూకింది. నడిమిట్ల ఇసుకమేట మీద పడవ కూలబడింది. పడవాయన గడతో ఎంత నెట్టినా కదల్లేదు. ఈయన ప్యాంటు మడిచి దిగారు, ఇంకో నలుగురు దిగారు. నీళ్లు తొడల దాకా, చల్లగా. నాకూ ఈత రాదు. భయం మాత్రం వెయ్యలేదు. చెక్కకు చెంప ఆనించుకొని, ఆయన భుజం పెట్టి తోస్తుంటే మెడ దగ్గర నరం ఉబ్బడం చూస్తూ కూర్చున్నాను. పడవ కదిలేసరికి చుక్కలు వచ్చాయి. ఆ రాత్రి కాళేశ్వరంలోనే సత్రంలో ఉన్నాం. అత్తగారింట్లో మేము ఎక్కడున్నామో తెలిసిన మనిషి లేడు. ఆ సంతోషం మళ్ళీ ఎప్పుడొచ్చిందో గుర్తు లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇల్లు చేరితే అత్తమ్మ అరుగు మీద కూర్చొని ఉంది. రాత్రి నుంచి మంచినీళ్లు ముట్టలేదట. మామయ్య తెల్లారకముందే బస్టాండుకు పోయి, ఆ దారిలో వచ్చే ప్రతి బస్సు డ్రైవర్‌నీ అడిగాడట. అత్తమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నా మొహం రెండు చేతుల్లోకి తీసుకొని చూసింది, లోపలికి పోయి బియ్యం కడిగింది. ఇన్నేళ్లుగా ఆ ప్రయాణాన్ని పడవతోనే గుర్తుపెట్టుకున్నాను, అరుగు దాకా తెచ్చుకోలేదు. ఈ సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డప్పుడు కూడా ఆమె యాదికి రాలేదు. ఇప్పుడొచ్చింది.

ఇందాక లేచి ఆయన ఫోన్‌లో కాల్ లిస్టు చూశాను. నిన్న ఒక్కరోజే నావి ఆరు, పెద్దోడివి రెండు, చిన్నదానివి మూడు. అన్నీ నిమిషం లోపు. ఎక్కడున్నరు, గోలీ వేసుకున్నరా, ఆయాసం వస్తుందా. మార్చి నుంచి రోజూ ఇంతే. ఆ మనిషి రెండు గంటలు ఎవరికీ జవాబు చెప్పకుండా నీళ్లు చూస్తూ కూర్చోవాలనుకున్నారు. సిరొంచ పడవ ఎక్కిన నాకు అది తెలియనిదా? మారిస్ మీద మధ్యాహ్నం ఉన్నంత కోపం ఇప్పుడు లేదు.

అయినా "మర్చిపోయిన" అనకుండా ఉండాల్సింది. "ఫోన్ తీస్కపోత లేను, ఎనిమిదిన్నరకు వస్త" అంటే నేను గొడవ పెట్టుకునేదాన్నే, అది నిజం. పెట్టుకున్నా సరే, చెప్పి పోవాలి.

మారిస్, మారలిన్ ఒక తాబేలును తెప్పకు కట్టి గలాపగస్ దిక్కు లాగించాలని చూశారట. మొదటిది సరిగ్గానే లాగింది. రెండోదాన్ని కూడా కడితే అది ఎదురు దిక్కుకు ఈదింది. మా తమ్ముడు పడీపడీ నవ్వాడు దానికి. ఇంత జరిగాక ఆ ఇద్దరూ ఇంటికి పోయి ఇంకో పడవ కట్టుకొని, మళ్ళీ సముద్రం మీదికే కలిసి పోయారు.

బీరువా కింది అరలో అత్తమ్మ వాడిన బటన్ల ఫోన్ ఉంది. బ్యాంకు ఖాతాకు ఆ నంబరే ఇచ్చామని రీచార్జ్ చేయిస్తూనే ఉన్నాం. పిల్లల దగ్గర ఆ నంబరు లేదు. తీసి తుడిచి, వంటింట్లో చార్జింగ్ పెట్టాను. ఆయన వాకింగ్ బూట్లు తడిసి ఉన్నాయి, లోపల పాత పేపర్లు కుక్కి స్టవ్ పక్కన ఆరబెట్టాను. పొద్దున చిన్న ఫోన్ చేతికిచ్చి, పెద్దదాన్ని ఫ్రిజ్ మీదే ఉంచి పొమ్మంటాను. దీనికి రోజుకు ఒక్కసారే చేస్తాను, అది కూడా ఏడున్నర దాటితేనే.

ఇప్పుడే పోయి చూసొచ్చాను. ఒక గీత ఎక్కింది.